పచ్చిక తివాచీ

పచ్చిక తివాచీ అనగా ఒత్తుగా పెంచిన గడ్డిని, వేళ్ళు అల్లుకొన్న పలుచని మట్టి పొరతో సహా కోసి, మరొక చోట పరచడానికి వీలుగా తయారు చేసిన పలక లేదా చుట్ట. తెలుగు ప్రాంతాల నర్సరీలలో దీనిని ఎక్కువగా లాన్ కార్పెట్ అంటారు. విత్తనం చల్లి గాని, పిలకలు నాటి గాని పెంచే పచ్చిక నేలను పూర్తిగా కప్పడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. తివాచీ పరచిన స్థలం ఆ రోజే పచ్చగా కనిపిస్తుంది. అయితే పచ్చగా కనిపించడం వేరు, నాటుకోవడం వేరు. పరచిన రోజున ఆ గడ్డికి కింది నేలతో ఎటువంటి సంబంధమూ ఉండదు. వేళ్ళు కింది నేలలోకి దిగే వరకు, అనగా సుమారు రెండు నుండి నాలుగు వారాల పాటు, నీరు పెట్టే పద్ధతే దాని బ్రతుకును నిర్ణయిస్తుంది.

గడ్డి రకాలు

ఉష్ణ ప్రాంతాలలో ఎక్కువగా వాడేవి గరిక జాతి గడ్డి, జోయిసియా ప్రజాతికి చెందిన గడ్డి. వినాయక చవితి పూజలో వాడే గరిక, ఆట మైదానాలలో కనిపించే బెర్ముడా గడ్డి ఒకటే. రెండింటి శాస్త్రీయ నామమూ సైనోడాన్ డాక్టిలాన్. మైదానాలకు దీని సంకర రకాలను వాడతారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ వద్ద గ్లెన్ బర్టన్ రూపొందించగా 1960లో విడుదలైన టిఫ్‌వే వీటిలో ప్రసిద్ధమైనది. అమెరికా ఉత్తర రాష్ట్రాల వంటి చలి ప్రదేశాలలో కెంటకీ బ్లూగ్రాస్‌ను తివాచీలుగా పెంచుతారు.

మన నర్సరీలలో వినిపించే మెక్సికన్ గడ్డి, కొరియన్ గడ్డి అనేవి వ్యాపార నామాలు మాత్రమే. కాబట్టి పేరును బట్టి కాక గడ్డిని స్వయంగా చూసి కొనడం మంచిది. గరికకు రోజంతా ఎండ కావాలి. చెట్ల నీడలో పరచిన గరిక ఎంత నీరు పెట్టినా క్రమంగా పలచబడిపోతుంది. జోయిసియా కొంత నీడను తట్టుకొంటుంది.

కోత, రవాణా

పలకను సాధారణంగా 1 నుండి 2.5 సెంటీమీటర్ల మట్టి మందంతో కోస్తారు. ఈ కోతలో వేరు వ్యవస్థలో అధిక భాగం పొలంలోనే మిగిలిపోతుంది. పలుచగా కోసిన పలక తేలికగా ఉండి త్వరగా వేరు పడుతుంది, కాని అంతే త్వరగా ఎండిపోతుంది. మందంగా కోసినది తేమను ఎక్కువ సేపు నిలుపుకొంటుంది, వేరు దిగడం మాత్రం ఆలస్యమవుతుంది.

కోసిన తరువాత కూడా గడ్డి శ్వాసిస్తూనే ఉంటుంది. దొంతరగా పేర్చిన లారీలో ఈ శ్వాసక్రియ వలన వేడి పుట్టి, మధ్యలోని పలకలు పసుపు రంగుకు తిరిగి కుళ్ళడం మొదలవుతుంది. అందువలన కోసిన 24 గంటలలోపు పరచడం నియమం. వేసవిలో ఆ గడువు కూడా ఎక్కువే. రాత్రి ప్రయాణం చేయించి ఉదయాన్నే పరచడం మేలు. దొంతరలో చేయి పెట్టినప్పుడు వేడిగా తగిలినా, పులిసిన వాసన వచ్చినా ఆ సరకును తీసుకొనరాదు.

నేల తయారీ

నేలను 10 నుండి 15 సెంటీమీటర్ల లోతు గుల్ల చేసి, రాళ్ళు, కట్టడపు చెత్త, సిమెంటు పెళ్ళలు ఏరివేయాలి. కొత్త ఇళ్ళ ఆవరణలలో పచ్చిక అక్కడక్కడ మచ్చలుగా ఎండిపోవడానికి పైకి కనిపించని ఈ పెళ్ళలు ఒక ముఖ్య కారణం. తుంగ గడ్డలను ముందే తీసివేయాలి; పచ్చిక కింద మిగిలిన తుంగను తరువాత తొలగించడం చాలా కష్టం. బాగా చివికిన పశువుల ఎరువును, భాస్వరం లోపించిన నేలలో సూపర్ ఫాస్ఫేట్‌ను ఈ దశలోనే మట్టిలో కలుపుతారు. తివాచీ మందం కలిసిన తరువాత అంచులోని నడవా, గట్ల కంటే నేల ఎత్తుగా రాకుండా మట్టం సరిచూడాలి.

తివాచీ పెరిగిన మట్టి, పరచబోయే మట్టి ఒకే తీరుగా ఉండడం మంచిది. బంకమట్టిలో పెంచిన పలకను ఇసుక నేలపై పరిస్తే నీరు రెండు పొరల సరిహద్దు వద్దే నిలిచిపోతుంది, వేళ్ళు కిందికి దిగడానికి ఇష్టపడవు. ఇసుక పునాదిపై కట్టిన క్రీడా మైదానాలలో ఈ చిక్కును తప్పించడానికి మట్టి పూర్తిగా కడిగివేసిన పలకలను వాడే పద్ధతి కూడా ఉంది.

పరచడం

నేలను ముందురోజు తడిపి, పదును మీద ఉండగా పరుస్తారు. వేడెక్కిన పొడి మట్టిపై పరిస్తే కింది వేళ్ళు వెంటనే మాడిపోతాయి. ఒక వరుసలోని అతుకులు పక్క వరుసలోని అతుకులతో కలవకుండా, ఇటుక గోడ కట్టుబడి వలె పలకలను అమర్చాలి. అంచులు ఒకదానికొకటి తాకాలి, ఒకదానిపైకి మరొకటి ఎక్కరాదు. సందులను మెత్తని మట్టితో పూడ్చి, తేలిక రోలరు నడిపితే పలక కింద గాలి ఖాళీలు పోతాయి. గాలి ఉన్న చోట వేరు దిగదు. తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్‌లలో తొలకరి వర్షాల కాలం ఈ పనికి అనువైనది.

నీటి తడులు

వరి నాటిన తరువాత నారు మూన తిరిగే వరకు రైతు మడి ఆరనీయడు. పచ్చిక తివాచీ విషయంలోనూ సూత్రం ఇదే. తేడా ఏమనగా, ఇక్కడ నీరు నిలువ ఉండరాదు.

మొదటి తడి అన్నింటికంటే ముఖ్యమైనది. పని అంతా ముగిసే వరకు ఆగకుండా, పరచిన భాగానికి అరగంటలోపే నీరు అందించాలి. ఈ తడి తివాచీని దాటి కింది నేలను 15 సెంటీమీటర్ల లోతు వరకు నానబెట్టాలి. పైన ఆకులు తడిసి నీరు మెరుస్తూ ఉన్నా, పలక కింద పొడిగా ఉండడం తరచు జరిగేదే. ఒక మూల ఎత్తి, కింది మట్టిని వేలితో తాకి చూడడం తప్ప దీనికి వేరే పరీక్ష లేదు. హోస్ పైపు ధార నేరుగా పడితే మట్టి కొట్టుకుపోయి అతుకులు విడిపోతాయి కనుక రోజ్ తగిలించి చల్లాలి.

మొదటి వారంలో రోజుకు రెండు మూడు తేలిక తడులు ఇస్తారు. రెండవ వారంలో రోజుకు ఒకటి, ఆ పైన రోజు విడిచి రోజు, వేరు పట్టిన తరువాత వారానికి ఒకటి రెండు సార్లు లోతుగా పెడతారు. ఈ లెక్క ఎండను, గాలిని, నేలను బట్టి మారుతుంది. ఎర్ర ఇసుక నేలలో తడి త్వరగా ఆరిపోతుంది. నల్లరేగడిలో అదే తడి మరుసటి రోజు వరకు నిలుస్తుంది. అతుకులు, ప్రహరీ గోడల పక్క భాగాలు, సిమెంటు నడవాల అంచులు అన్నిటికంటే ముందు ఎండుతాయి. వీటికి చేతితో ప్రత్యేకంగా నీరు పెట్టవలసి ఉంటుంది.

ఒక చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు నీరు అంటే 1 లీటరు. 100 చదరపు మీటర్ల పచ్చికకు మొదటి తడి 25 మిల్లీమీటర్లు అనుకొంటే 2,500 లీటర్లు అవుతుంది. తరువాత రోజుకు మూడుసార్లు 3 మిల్లీమీటర్ల చొప్పున పెడితే రోజుకు 900 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు ఆరు రోజులకు కూడా చాలదు. ఈ లెక్క వేసుకోకుండా మండు వేసవిలో తివాచీ పరిచి, పదవ రోజున బోరు ఎండిపోయిందని విడిచిపెట్టిన పచ్చిక మళ్ళీ కోలుకోవడం అరుదు. స్ప్రింక్లరు ఎంత నీరు ఇస్తున్నదో తెలుసుకోవడానికి పచ్చికపై నిట్టనిలువు అంచుల డబ్బాలు నాలుగైదు ఉంచి, పావు గంట తరువాత వాటిలోని నీటి మట్టం కొలిస్తే చాలు.

గడ్డి నీలి బూడిద రంగుకు తిరగడం, తొక్కిన అడుగుజాడ వెంటనే పైకి లేవకపోవడం నీటి కొరతకు తొలి గుర్తులు. ఎండవేళలో ఈ గుర్తులు కనిపిస్తే పలుచగా నీరు చిలకరించడం వలన గడ్డి చల్లబడుతుంది. నీటి బొట్లు కటకాల వలె పనిచేసి గడ్డిని కాల్చివేస్తాయన్న నమ్మకం సరికాదు.

అతి నీరు కూడా కొరత అంత ప్రమాదకరమే. నేల ఎప్పుడూ బురదగా ఉంటే మట్టిలో గాలి ఉండదు, వేళ్ళు కిందికి దిగవలసిన అవసరమూ ఉండదు. రాత్రంతా ఆకులు తడిగా ఉంటే పిథియం, రైజోక్టోనియా వంటి తెగులు కలిగించే సూక్ష్మజీవులు సోకి జిగురు మచ్చలు, గోధుమ రంగు వలయాలు ఏర్పడతాయి. అందువలన ప్రధాన తడి తెల్లవారుజామున ఇవ్వడం ఉత్తమం. పసుపు రంగును చూడగానే నీరు చాలలేదనుకొని మరింత పెట్టడం సాధారణంగా జరిగే పొరపాటు. ముందు మూల ఎత్తి చూడాలి.

వేరు పట్టిన తరువాత

పలక మూలను మెల్లగా లాగినప్పుడు అది లేవకుండా బిగిసి ఉంటే వేరు దిగినట్లు. అంతవరకు పచ్చికపై నడవరాదు. మొదటి కోతకు ముందు ఒక రోజు నీరు ఆపి నేలను గట్టిపడనివ్వాలి. కోతలో ఆకు పొడవులో మూడవ వంతుకు మించి తీయరాదు, కత్తి పదునుగా ఉండాలి. నత్రజని ఎరువును సుమారు నాలుగు వారాల తరువాత కొద్ది మోతాదులో వేసి వెంటనే నీరు పెడతారు.

1994 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం పాంటియాక్ సిల్వర్‌డోమ్ అనే పైకప్పు గల స్టేడియంలో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు వేరు పట్టే సమస్యను మరో విధంగా దాటారు. షడ్భుజి ఆకారపు పెద్ద తొట్లలో గడ్డిని ఆరుబయట పెంచి, పూర్తిగా నాటుకొన్న తరువాత తొట్లతో సహా లోపలికి చేర్చారు.

నీటి ఆంక్షలు

కొత్త పచ్చికకు మొదటి వారాలలో కావలసిన నీరు అనేక నగరాలలో వివాదాంశమైంది. 2015 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా గవర్నరు జెర్రీ బ్రౌన్ పట్టణాల నీటి వాడకాన్ని 25 శాతం తగ్గించాలని, 5 కోట్ల చదరపు అడుగుల పచ్చికను తీసివేసి కరువును తట్టుకొనే మొక్కలు పెంచాలని ఉత్తర్వు ఇచ్చాడు. నెవాడా రాష్ట్రం 2021లో చేసిన చట్టం ప్రకారం లాస్ వెగాస్ ప్రాంతంలో కేవలం అలంకరణకు పెంచే పచ్చికకు 2026 తరువాత కొలరాడో నది నీటిని వాడరాదు; ఇళ్ళ పెరళ్ళకు ఇది వర్తించదు. 2024 మార్చిలో బెంగళూరు నీటి సరఫరా సంస్థ తోటలకు త్రాగునీటి వాడకాన్ని నిషేధించి, ఉల్లంఘించిన వారికి 5,000 రూపాయల జరిమానా విధించింది.

ఇటువంటి చోట్ల శుద్ధి చేసిన మురుగునీరు ప్రత్యామ్నాయం. దానిలోనూ, ఉప్పు బోరు నీటిలోనూ లవణాలు ఎక్కువ కనుక తేలిక తడులు మాత్రమే ఇస్తూ పోతే అవి పై పొరలో పేరుకొని లేత వేళ్ళను మాడ్చివేస్తాయి. అప్పుడప్పుడు ఒక లోతైన తడి ఇస్తే, నీరు ఇంకే నేలలలో ఆ లవణాలు కిందికి కొట్టుకుపోతాయి. గరిక లవణాలను బాగానే తట్టుకొంటుంది; కెంటకీ బ్లూగ్రాస్ తట్టుకొనలేదు.