గుండెపోటు పిదప రోగి భవితవ్యము: హృదయ చిత్రణ చరిత్ర

గుండెపోటు నుండి రోగి బ్రతికి బయటపడిన పిదప ఇంటివారు వైద్యుని అడుగు ప్రశ్న ఒక్కటే: "ఇక ప్రాణభయము లేదు గదా?" ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఈ ప్రశ్నకు వైద్యుని యొద్ద నిశ్చితమైన సమాధానము లేకుండెను. నేడో, ఆసుపత్రి వరండాలలో చదువురానివారు సైతము "గుండె పంపింగు ఎంత శాతము?" అని అడుగుచున్నారు. ఈ రెండు ప్రశ్నల నడుమ దాదాపు నూరేండ్ల చరిత్ర కలదు.

హృదయ ధమని హఠాత్తుగా మూసికొనిపోయినచో మరణము తప్పదని పూర్వ వైద్యులు పెక్కురు తలచిరి. 1912లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, అట్టి రోగులలో కొందరు బ్రతుకుదురని నిరూపించెను. బ్రతికినవారున్నారని తెలిసిన నాడే వారి భవిష్యత్తును గూర్చిన ప్రశ్న పుట్టినది. నాడి, శ్వాస, విద్యుల్లేఖనము (ఇ.సి.జి.) మాత్రమే చాలకాలము వైద్యునకు ఆధారములు. 1967లో న్యూయార్కు నగరమున కిలిప్, కింబాల్ అను వైద్యులు 250 మంది రోగులను పరీక్షించి నాలుగు తరగతులుగ విభజించిరి. ఊపిరితిత్తులలో నెమ్ము చప్పుడు లేనివారిలో ఆసుపత్రి మరణములు నూటికి 6. రక్తపు పోటు పడిపోయి దేహము చల్లబడినవారిలో నూటికి 81. గుండెకు మిగిలిన బలమే రోగి ఆయుస్సును నిర్ణయించునని దీనివలన స్పష్టమాయెను. కాని ఆ బలమును చెవితో విని ఊహించుటయే గాని కంటితో చూచి కొలుచుట ఎట్లు?

కంటికి దారి చూపినది ఎక్స్ కిరణము. 1895లో రాంట్‌జెన్ దానిని కనుగొనెను. 1929లో జర్మనీ దేశపు యువవైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ తన మోచేతి సిర గుండ ఒక సన్నని గొట్టమును గుండె వరకు పోనిచ్చి, ఎక్స్‌రే గదికి నడచిపోయి ఛాయాచిత్రము తీయించుకొనెను. ఆనాడు సాహసమనిపించిన ఈ కార్యమునకు 1956లో కూర్నాండ్, రిచర్డ్స్ అనువారితో పాటు అతనికి నోబెల్ బహుమానము లభించెను. 1958లో క్లీవ్‌లాండులో మేసన్ సోన్స్ ఒక రోగికి మహాధమనిలో రంగుద్రవము ఎక్కించుచుండగా, గొట్టము జారి ద్రవము హృదయ ధమనిలోనికి ప్రవహించెను. క్షణకాలము గుండె ఆగినది. రోగిచే దగ్గించగా మరల కొట్టుకొన నారంభించినది. ఆ పొరపాటే నేటి యాంజియోగ్రామునకు మూలము.

వేరొక మార్గము స్వీడను దేశపు లుండ్ నగరమున తెరువబడెను. లోహములలోని పగుళ్లను కనిపెట్టుటకు కర్మాగారములలో వాడు అతిధ్వని యంత్రమును ఇంగే ఎడ్లర్ అను వైద్యుడును, హెల్‌ముట్ హెర్ట్స్ అను భౌతికశాస్త్రజ్ఞుడును 1953లో గుండెపై ప్రయోగించి, గుండెగోడల కదలికను గ్రహించిరి. సూదిమొన తగులకుండ, నొప్పి లేకుండ జరుగు నేటి 'ఎకో' పరీక్షకు అదియే ఆది.

'పంపింగు శాతము' అనగా నేమి? ఎడమ జఠరిక నిండినప్పుడు 120 మిల్లీలీటర్ల నెత్తురు కలదనుకొందము. ఒక్క సంకోచమున అందు 72 బయటకు పోయినచో శాతము 60. నూరు శాతము ఎవరికిని ఉండదు. 55, 60 వచ్చినను ఆరోగ్యమే. 1983లో ప్రచురితమైన అమెరికా పరిశోధనలో గుండెపోటు నుండి కోలుకొనిన 866 మందిని పరిశీలింపగా, ఈ శాతము 40కి తగ్గినవారిలో మరణములు హెచ్చుగ కానవచ్చెను. 1987లో న్యూజీలాండులోని ఆక్లండ్ వైద్యులు 605 మందిని పరిశీలించి, సంకోచించిన పిదప జఠరికలో మిగిలిపోవు నెత్తురు పరిమాణము అంతకంటె బలవత్తరమైన సూచన యని తెలిపిరి. కారణము సుబోధకము. చచ్చిన కండరము పలుచబడి సాగును. మిగిలిన భాగము అదనపు భారమును మోయలేక తానును సాగును. గుండె క్రమముగ పెద్దదగును.

జోస్యము చెప్పుటతోనే చిత్రము ఆగిపోయినచో దానివలన రోగికి మేలేమి? 1992లో ప్రకటితమైన ఒక ప్రయోగమున, శాతము 40కి మించని 2,231 మందిలో సగము మందికి కాప్టోప్రిల్ అను మందు నిచ్చిరి. మందు లేనివారిలో నూటికి 25 మంది చనిపోగా, మందు వాడినవారిలో 20 మందియే చనిపోయిరి. 2002లో, శాతము 30కి మించని 1,232 మందిపై జరిగిన మరియొక ప్రయోగమున, గుండె లయ తప్పినపుడు విద్యుదాఘాతముతో సరిదిద్దు యంత్రమును దేహమున అమర్చుటచే మరణములు 19.8 శాతము నుండి 14.2కు తగ్గెను. అయితే 2004లో, గుండెపోటు వచ్చిన 6 నుండి 40 దినముల లోపుననే ఈ యంత్రమును అమర్చిచూడగా మొత్తము మరణములు తగ్గలేదు. తొందరపాటు ఫలింపలేదు.

నెత్తురు అందక నిశ్చేష్టమైన కండరమంతయు మృతము కాదు. కొంత మూర్ఛిల్లియుండి వారములలో తేరుకొనును. మృతమేదో మూర్ఛితమేదో తెలుపు శక్తి అయస్కాంత చిత్రణమునకు కలిగినది. 2000 సంవత్సరమున షికాగో పరిశోధకులు గడోలినియము అను ద్రవ్యము నెక్కించి చిత్రములు తీయగా, మచ్చపడిన భాగము తెల్లగ మెరసెను. తెలుపు గోడ మందములో నాలుగవ వంతుకు లోబడిన చోట రక్తప్రసారమును పునరుద్ధరించిన పిదప కదలిక సాధారణముగ మెరుగుపడెను. ముప్పాతిక మించిన చోట దాదాపు శూన్యము. తెలుపు నడుమ నల్లని మరక యున్నచో సూక్ష్మనాళములును మూసికొనెనని అర్థము. అట్టివారికి ప్రమాదము హెచ్చు.

చిత్రము అనవసరమైన మందును సైతము గుర్తింపజేయును. 2024లో ముఖ్యముగ స్వీడను దేశమున జరిగిన ప్రయోగమున, శాతము 50గాని అంతకు మించిగాని యున్న 5,020 మందిలో బీటా బ్లాకరు మందుల వలన మరణములుగాని మరల గుండెపోటుగాని తగ్గలేదు. అట్లని ఏ రోగియు వైద్యుని అడుగక తనంత తాను మందు మానరాదు.

తెలుగువారు ఏ సీమలో స్థిరపడినను, వైద్యుడు కన్నడమున చెప్పినను, అరవమున చెప్పినను, ఒడియాలో చెప్పినను, కాగితముపై నుండు అంకె ఒక్కటే. ఆ అంకెను జాతకముగ నెంచి కుటుంబములు కుంగిపోవుట కద్దు. ఆ లెక్కలు వందలమంది సమూహమునకు చెందినవే గాని ఒక మనిషి నుదుటి వ్రాత కావు. మొదటి వారమున 35గ నున్న శాతము రెండు మూడు మాసములకు 45 కావచ్చును. కావున మొదటి చిత్రము కంటె, మందులు వాడిన పిదప తీయించు రెండవ చిత్రమును మరువకుండుట ముఖ్యము. ఈ చరిత్ర నేర్పు పాఠమదియే.