ఊపిరితిత్తుల క్యాన్సర్ ముందస్తు పరీక్షలు: అర్హత చరిత్ర

వ్యాధిని ముందే గుర్తిస్తే మరణాలు తగ్గుతాయన్న నమ్మకాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ చరిత్ర చాలాకాలం బలపరచలేదు. 1971లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆరంభించిన అధ్యయనంలో, పొగతాగే పురుషులలో ఒక వర్గానికి నాలుగు నెలలకొకసారి ఛాతీ ఎక్స్‌రే, కఫ పరీక్ష చేశారు. వీరిలో క్యాన్సర్లు ఎక్కువగా బయటపడ్డాయి. మరణాలు మాత్రం తగ్గలేదు. అధికంగా పొగతాగిన 55–74 ఏళ్ల 53,454 మందిపై జరిగి, 2011లో వెలువడిన మరో అమెరికన్ అధ్యయనం ఈ స్థితిని మార్చింది. ఎక్స్‌రేతో పోలిస్తే తక్కువ మోతాదు సీటీ స్కాన్ ఈ క్యాన్సర్ మరణాలను 20 శాతం తగ్గించింది. అయితే 2013లో అక్కడి నిపుణుల సంఘం నిర్దేశించిన అర్హత, అంటే రోజుకొక ప్యాకెట్ చొప్పున 30 ఏళ్ల ధూమపానం లేదా తత్సమానం, తక్కువ పొగతాగినా వ్యాధిబారిన పడుతున్న నల్లజాతీయులలో పలువురిని మినహాయించింది. 2021లో ఆ పరిమితిని 20 ఏళ్లకు, కనిష్ఠ వయసును 50కి తగ్గించారు. కనుక పరీక్ష ప్రయోజనం రుజువైన తరువాత కూడా, అర్హత హద్దులను పునఃపరిశీలిస్తూ ఉండవలసిందే.