పేష్కషు మొదలు అమ్మకపు పన్ను వరకు



బడ్జెటు అనగానే శాసనసభలో ఆర్థికమంత్రి చదువు ప్రసంగము చాలమందికి జ్ఞప్తికి వచ్చును. నేను సోంపేట ప్రాంతపువాడను. నాకు మొదట తోచునది పేష్కషు.

1802వ సంవత్సరపు శాశ్వత పరిష్కారము ననుసరించి మందస, తర్ల, జలంత్ర మొదలగు జమీందారీలు సర్కారునకు చెల్లింపవలసిన మొత్తము ఎన్నటికిని మారని విధముగ స్థిరపడెను. పంట పండినను, ఎండినను పేష్కషు ఒక్కటే. రైతువారీ గ్రామములలో ఏటేట జమాబందీ జరిగి, క్రొత్తగ సాగులోనికి వచ్చిన భూమికి శిస్తు చేరును, పంట పోయిన యెడల వజా దొరకును. కావున అచ్చట అధికారులు ఏటేట అంచనా వేయవలెను. మన వైపు అంచనాతో పనియే లేదు. పాత అంకెను తిరిగి వ్రాసిన చాలును! రైతుపై పెరిగిన భారమంతయు జమీందారు ఖజానాకే చేరెడిది.

ఈ భారము ఎంతవరకు పోయినదో 1940 ఏప్రిల్ 1వ తేదీన గుడారి రాజమణిపురమున తేలినది. మందస జమీందారీ అడవికట్టెల తగవున పోలీసులు కాల్పులు జరుపగా గున్నమ్మయు, మరికొందరును ప్రాణములు కోల్పోయిరి. ఆనాడే సర్కారు లెక్కల సంవత్సరము ప్రారంభమైనది. పేష్కషు పద్దున మాత్రము ఒక్క రూపాయియు మారలేదు.

నౌపడ ఉప్పుమళ్లు ఉండెను గదా యందురేమో. 1919 సంస్కరణలు ఉప్పు రాబడిని కేంద్రమునకిచ్చి, భూమిశిస్తును, అబ్కారీని, స్టాంపులను రాష్ట్రములకు విడిచినవి. ఉప్పు మనది, పద్దు ఢిల్లీది. 1947 ఏప్రిల్ 1 నుండి ఆ పన్నే రద్దయినది.

ఇక చెన్నపట్టణపు ప్రభుత్వమునకు పెరుగు రాబడి యేది? కల్లు, సారా. దుకాణముల వేలమున పాట పెరిగినకొలది బడ్జెటు నిండెడిది. బడులకును, ఆసుపత్రులకును కావలసిన ధనములో మంచిభాగము కూలివాని ముంతనుండి వచ్చెడిదనుట నాకు నేటికిని కష్టముగనే యున్నది.

రాజగోపాలాచారి గారి మంత్రివర్గము 1937లో సేలం జిల్లాయందు మద్యనిషేధము నారంభించెను. ఆ లోటు పూడ్చుటకై 1939లో అమ్మకపు పన్ను చట్టము చేసిరి. వర్తకులు గోల పెట్టిరి. 1948 నాటికి నిషేధము రాష్ట్రమంతట వ్యాపించెను. ఆ యేటనే ఎస్టేట్ల రద్దు చట్టమును వచ్చి, పేష్కషు పోయి రైతువారీ వచ్చుటకు దారి యేర్పడెను.

1953లో ఆంధ్రరాష్ట్రము పుట్టినపుడు నిషేధమును, దాని లోటును రెండును వారసత్వముగ వచ్చినవి. నిషేధమును తొలగింపుడని రామమూర్తి సంఘము సలహా యిచ్చెను; ప్రభుత్వ మంగీకరింపలేదు. 1954 నవంబరున ఈ వివాదము మీదనే ప్రకాశం గారి మంత్రివర్గము అవిశ్వాస తీర్మానమున ఒక్క ఓటుతో పడిపోయెను.

అమ్మకపు పన్ను మాత్రము నిలిచి, కల్లుపాటకు బదులుగ వచ్చినదై, తుదకు రాష్ట్రపు రాబడిలో పెద్దపద్దయ్యెను. 2017 జూలై 1 నుండి దానిలో అధికభాగము జి.ఎస్.టి.లో కలిసినది. పలాస జీడిపప్పు బస్తాపై పన్ను ఎంతయో కేంద్రమును, రాష్ట్రములును కూర్చున్న మండలిలో చర్చకు వచ్చును; హైదరాబాదుగాని, అమరావతిగాని ఒంటరిగ నిర్ణయింపజాలదు.