చలి పొద్దున పికప్ స్టార్ట్ కాకపోతే ముందు ఏం చూడాలి?

డిసెంబర్, జనవరి వచ్చిందంటే ఆదిలాబాద్, లంబసింగి లాంటి చోట్ల ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే కిందకు పడిపోతుంది. తెల్లవారుజామున 4 గంటలకు కూరగాయల లోడ్ ఎక్కించి తాళం తిప్పితే డీజిల్ పికప్ లేవదు. మార్కెట్‌కు లేటయితే ఆ రోజు కిరాయి పోయినట్టే. ఆ కంగారులో చాలామంది చేసే మొదటి పని కొత్త బ్యాటరీ కొనడం. మా మామూ కూడా అదే చేశారు. రెండో రోజు మళ్లీ అదే కథ. చివరికి చూస్తే ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంది.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చలికి ఇంజన్ లోహం ఆ వేడిని లాగేస్తుంది, ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది. అందుకే మధ్యాహ్నం కనిపించని లోపం పొద్దున బయటపడుతుంది.

ముందు సెల్ఫ్ శబ్దం వినండి. ఇంజన్ బరువుగా, మెల్లగా తిరుగుతూ హెడ్‌లైట్ మసకబారితే అనుమానం కరెంటు మీద. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే ఫుల్ ఛార్జ్, 12.2 అంటే దాదాపు సగమే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందకు పడితే బ్యాటరీని టెస్ట్ చేయించాలి. అంతకుముందే టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి ఉంటే శుభ్రం చేసి బిగించండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు చివర. ఎర్త్ చూడటం కూడా తేలికే. మీటర్ ఒక వైరు బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి ఇంజన్ బాడీకి ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు దాటితే ఎర్త్ బాగాలేదన్నమాట. మామూ ఈ పని ముందే చేసి ఉంటే బ్యాటరీ డబ్బులు మిగిలేవి!

సెల్ఫ్ జోరుగా తిరిగినా అంటుకోకపోతే సైలెన్సర్ దగ్గర పొగ చూడండి. పచ్చి డీజిల్ వాసనతో తెల్ల పొగ వస్తుంటే డీజిల్ వస్తోంది, కాలడం లేదు. హీటర్ ప్లగ్‌లు ఉన్న బండిలో ముందుగా వాటినే చూడాలి. డ్యాష్‌బోర్డు మీద స్ప్రింగ్ గుర్తు లైటు ఆరేదాకా ఆగి స్టార్ట్ చేయాలి. అయితే ఆ లైటు వెలిగినంత మాత్రాన ప్లగ్‌లన్నీ పనిచేస్తున్నట్టు కాదు. స్టార్టయ్యాక నిమిషం పాటు వణికి, తెల్ల పొగ వదిలి, తర్వాత సర్దుకుంటే ఒకటో రెండో ప్లగ్‌లు పోయి ఉండొచ్చు. ప్లగ్ వైరు తీసి మీటర్‌తో ఓమ్స్ చూస్తే, మంచి ప్లగ్ చాలా తక్కువ చూపుతుంది. కాలిపోయినది అసలు కనెక్షనే చూపదు. ఫ్యూజు, రిలే కూడా చూడండి. అన్నీ బాగుండి కూడా తెల్ల పొగే వస్తుంటే కంప్రెషన్ టెస్ట్ చేయించాలి. అది కాస్త ఖర్చు వ్యవహారం.

అసలు పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు. ఎక్కడో సన్న లీకు నుంచి గాలి దూరి, రాత్రి డీజిల్ ట్యాంకు వైపు జారిపోతుంది. ఫిల్టర్ దగ్గర చేతి పంపు ఉంటే నొక్కండి. చాలాసేపు మెత్తగా ఉండి తర్వాత గట్టిపడితే లోపల గాలి ఉందని అర్థం. ఫిల్టర్ కింద నీళ్లు చేరాయేమో వదిలి చూడండి. కామన్ రైల్ ఇంజన్ అయితే హై ప్రెషర్ పైపుల జోలికి వెళ్లొద్దు, ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. మన దగ్గర డీజిల్ గడ్డకట్టిందేమో అనుకోనక్కర్లేదు. ఆ బాధ లద్దాఖ్‌ది. అక్కడి కోసమే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా తట్టుకునే డీజిల్ తెచ్చింది.

సెల్ఫ్ ఒకేసారి 10 సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో అర నిమిషం ఆగండి. హీటర్ ప్లగ్ ఉన్న ఇంజన్ గాలి పైపులో స్టార్టింగ్ స్ప్రే, పెట్రోల్ కొడితే పేలే ప్రమాదం ఉంది. ట్యాంకు కింద మంట పెట్టడం మరీ ఘోరం.

ఎలాగో స్టార్ట్ చేసి మెకానిక్ దగ్గరకు తీసుకెళ్తే అక్కడ బండి ముద్దుగా లేస్తుంది, 'ఏమీ లేదు భాయ్' అంటాడు. వేడి ఇంజన్‌లో ఈ లోపం దొరకదు. ముందు రోజు సాయంత్రమే బండి షెడ్డులో వదిలి, పొద్దున మొదటి సెల్ఫ్ ఆయన్నే కొట్టమనండి.