వకీలు లేని విన్నపం

హెబియస్ కార్పస్ అంటే, మనిషిని నిర్బంధించినవాళ్ళను ‘ఆ మనిషిని మా ముందు హాజరుపరచండి, ఏ అధికారంతో పట్టుకున్నారో చెప్పండి’ అని కోర్టు అడగటం. రాజ్యాంగం వచ్చిన కొత్తలోనే ఈ రిట్ కోసం తెలంగాణ నుంచి సుప్రీంకోర్టు మెట్లెక్కినవాళ్ళ ఫిర్యాదేమిటో తెలుసా? తమ పక్షాన మాట్లాడే వకీలు లేకుండానే ఉరిశిక్ష వేశారని.

సాయుధ పోరాట కాలపు హత్యారోపణల మీద పన్నెండుమందికి 1949 ఆగస్టులో ప్రత్యేక ట్రిబ్యునల్ ఉరిశిక్ష వేసింది. డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాళ్ళ తరఫున వాదించాడు. హైకోర్టు తీర్పు 1950 జనవరి 26కి ముందే వచ్చింది కాబట్టి అప్పీలు వినే అధికారం తమకు లేదని 1950 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక మిగిలింది హెబియస్ కార్పస్. 1951 మార్చిలో జనార్దన్ రెడ్డి కేసులో అదీ కొట్టేశారు. అధికారమున్న కోర్టు వేసిన శిక్ష మీద జైల్లో ఉన్నవాళ్ళను ఈ రిట్‌తో విడిపించలేరట, విచారణలో తప్పులుంటే అప్పీల్లో చూసుకోవాలట. అప్పీలేమో లేదని మూడు నెలల ముందే అన్నారు! తర్వాత ఉరి యావజ్జీవంగా మారింది గనక ప్రాణాలు దక్కాయి. అది మాత్రం రిట్ పుణ్యం కాదు.

ఆ తీర్పు నిండా మగవాళ్ళ పేర్లే. అదే పోరాటంలోని ఆడవాళ్ళ మాట వినాలంటే 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ దాకా ఆగాల్సి వచ్చింది.

నిర్బంధంలో ఉన్న మనిషి తనే పిటిషన్ వేసుకోవచ్చు. వేసుకోలేని స్థితిలో ఉంటే బంధువో స్నేహితులో వెయ్యొచ్చు. ఎవరిని, ఎప్పుడు, ఎక్కడి నుంచి తీసుకెళ్ళారో ప్రమాణపత్రం ఇవ్వాలి. చదువురాని తల్లికి ఆ కాగితమే పెద్ద గోడ. గోడకు కన్నం పడింది ఉత్తరాలతో. తీహార్ జైల్లో తోటి ఖైదీని హింసించారని సునీల్ బాత్రా రాసిన ఉత్తరాన్నే 1979లో సుప్రీంకోర్టు హెబియస్ కార్పస్ పిటిషన్‌గా తీసుకుంది. బొంబాయి లాకప్పుల్లో ఆడవాళ్ళ మీద జరుగుతున్న హింస గురించి షీలా బర్సే రాసిన ఉత్తరం మీద 1983లో తీర్పొచ్చింది: స్త్రీలకు విడి లాకప్పులుండాలి, అరెస్టు సంగతి వెంటనే న్యాయ సహాయ కమిటీకి తెలపాలి. ఒరిస్సాలో నీలబతి బెహరా అనే తల్లి, పోలీసులు పట్టుకెళ్ళిన కొడుకు శవమై దొరికాడని రాసిన ఉత్తరమే 1993లో లక్షన్నర నష్టపరిహారపు తీర్పయింది. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, నిర్బంధంలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. చంచల్‌గూడ మహిళా జైల్లో ఉన్న మనిషికి ఈ హక్కు రెండు విధాలా ఉన్నట్టే.

అయితే ఇదే రిట్‌ను తండ్రులూ వాడతారు. ఇష్టపడి పెళ్ళి చేసుకున్న కూతురు ‘నిర్బంధంలో’ ఉందంటారు. కేరళలో హదియా తండ్రి వేసిన పిటిషన్ మీద 2017 మేలో హైకోర్టు, ఇరవై నాలుగేళ్ళ మనిషి పెళ్ళిని రద్దు చేసి ఆమెను పుట్టింటికి అప్పజెప్పింది. నిర్బంధం నుంచి విడిపించాల్సిన రిట్టే ఆమెను ఇంట్లో పెట్టి తాళం వేసింది. ఆ నవంబరు 27న సుప్రీంకోర్టు ఎట్టకేలకు ఆమెనే పిలిచి, ఏం కావాలని అడిగింది. తనకు స్వేచ్ఛ కావాలంది. అప్పుడు సేలం కాలేజీకి వెళ్ళి చదువు పూర్తి చేసుకోనిచ్చారు. పెళ్ళి చెల్లుతుందని చెప్పటానికి 2018 మార్చి 8 దాకా పట్టింది.