పత్రంలో రాయని ఆస్తి

మన తరం వారికి ఫియట్ కారును పరిచయం చేయనవసరం లేదు. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు ఇటలీ కంపెనీ అనుమతితో తయారుచేసిన ఫియట్ 1100 కారే 1974 నుండి "పద్మిని" అయింది. ముంబయి టాక్సీలలో చివరి పద్మిని 2023 అక్టోబరులో మనలాగే పదవీ విరమణ చేసింది. అయితే దాని పుట్టింటి కథ మనలో చాలామందికి తెలియదు. ఆ కథలో ఒక లెక్కల గుమాస్తా ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళు లెడ్జర్లతో గడిపినవాణ్ణి కనుక, ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఇటలీలో టూరిన్ నగరం. 1898 ప్రాంతంలో అక్కడ జియోవన్ని బాతిస్తా చెయిరానో అనే ఆయన సైకిళ్ళు తయారుచేసేవాడు. ఇంగ్లీషు సరుకంటే జనానికి మోజు కాబట్టి వాటికి "వెల్లైస్" అని ఇంగ్లీషు పేరులా ధ్వనించే పేరు పెట్టాడు! ఆయన కార్ఖానా లాంచియా అనే డబ్బా సూపుల వ్యాపారి ఇంటి ఆవరణలో ఉండేది. ఆ వ్యాపారి తన కొడుకు విన్చెంజో లెక్కలు నేర్చి పైకి రావాలని కోరుకున్నాడు. కుర్రవాడు చెయిరానో వద్ద గుమాస్తాగా చేరాడు గాని, ధ్యాసంతా పుస్తకాల మీద కంటే యంత్రాల మీదనే. ఫెలిచే నజ్జారో అనే మరో కుర్రవాడు అక్కడే పని నేర్చుకుంటున్నాడు.

1899లో అరిస్తిదే ఫచ్చోలి అనే ఇంజనీరు నమూనాతో ఆ కార్ఖానా నుండి ఒక చిన్న కారు బయటికొచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. కాని కార్లను వరుసగా తయారుచేసేందుకు పెట్టుబడి లేదు. అదే ఏడాది జూలై 11న జియోవన్ని అన్యెల్లి మొదలైన టూరిన్ ప్రముఖులు ఫియట్ కంపెనీని స్థాపించి, చెయిరానో కార్ఖానాను 30,000 లీరాలకు కొన్నారు. ఫియట్ మొదటి కారు ఫచ్చోలి నమూనాయే. మూడున్నర అశ్వశక్తి ఇంజను; వెనక్కి నడిపే గేరు కూడా లేదు. 1900లో కొత్త ఫ్యాక్టరీలో 35 మంది పనివారు 24 కార్లు తయారుచేశారు.

క్రయపత్రంలో యంత్రాలకు, హక్కులకు విలువ కడతారు. మనుషులకు ప్రత్యేకంగా ఒక పద్దు ఉండదు. కాని ఆ కార్ఖానాతోపాటు ఫియట్‌కు వచ్చినవారు ఏమయ్యారో చూడండి. నజ్జారో ఫియట్ కారు నడిపి 1907లో టార్గా ఫ్లోరియో, జర్మనీ చక్రవర్తి బహుమతి, ఫ్రెంచి గ్రాండ్ ప్రి అనే మూడు పెద్ద పందేలూ గెలిచాడు. నలభై ఏళ్ళు దాటాక, 1922లో, ఫ్రెంచి గ్రాండ్ ప్రిని మళ్ళీ గెలిచాడు. కంపెనీ పేరు దేశదేశాల్లో మారుమోగింది ఇలాంటివారి వల్లనే.

ఇక మన గుమాస్తా. ఫియట్‌లో కార్లను పరీక్షించి, పందేల్లో నడిపి, 1906లో సహోద్యోగి ఫొగోలిన్‌తో కలిసి సొంతంగా "లాంచియా" కంపెనీ పెట్టాడు. 1922లో తెచ్చిన "లాంబ్డా" కారుకు విడిగా చట్రం లేదు; బాడీయే బరువు మోస్తుంది. ముందు చక్రాలు దేనికది విడిగా గుంతలను తట్టుకుంటుంది. ఇవాళ మన పిల్లలు నడిపే కార్లలో చాలావాటికి ఈ రెండు పద్ధతులే ఆధారం. ఆయన 1937లో కన్నుమూశాడు. నష్టాల్లో పడిన ఆ కంపెనీ 1969లో ఫియట్ చేతికే చేరింది.

సంస్థల చరిత్రలు సాధారణంగా యజమానుల పేర్లతోనే మొదలవుతాయి. చెయిరానో కార్ఖానా కథ మాత్రం అందులో పనిచేసినవారిని వదిలేస్తే సగం కూడా మిగలదు. మన మనవలు "తాతయ్యా, ఆఫీసులో నువ్వేం చేసేవాడివి?" అని అడిగినప్పుడు "ఏముందిలే, ఏదో గుమాస్తా పని" అని తేల్చేయకండి. కూర్చోబెట్టి వివరంగా చెప్పండి. ఏ పత్రంలోనూ రాయని ఆస్తి అది.