ఆత్మకూర్ సీమ: సేద్యం, బంగారం, నీరు

ఆత్మకూర్ కృష్ణానదికి ఎడమ గట్టున, నేటి వనపర్తి జిల్లాలో ఉంది. 2016 దాకా మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాకు చెందిన ఈ పట్టణం ఒకప్పుడు అమరచింత సంస్థానాధీశుల నివాసం. ఇక్కడికి పడమరగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో హట్టి బంగారు గనులున్నాయి. 1956 వరకు ఈ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. కాబట్టి ఈ సీమ చరిత్రలో సేద్యాన్నీ బంగారాన్నీ కలిపే చూడాలి. అలా చూసినప్పుడు తేలేదొకటి: ఊళ్ల బతుకును నిర్ణయించింది నేల కింది లోహం కంటే నేల మీదికి వచ్చే నీరు.

ఇక్కడి తొలి సంపద పశువులు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్, అది పశువుల దొడ్డి అనీ, పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చడం వల్లే దిబ్బ ఏర్పడిందనీ తేల్చాడు. దాని కాలం క్రీ.పూ. మూడవ సహస్రాబ్ది. బంగారపు తవ్వకాలూ పాతవే. హట్టిలో పూర్వులు సుమారు 640 అడుగుల లోతు దాకా దిగారు. రాతిని మంటతో వేడెక్కించి పగలగొట్టడం ఆనాటి పద్ధతి. ఆ పనుల్లో కొన్ని రెండు వేల ఏళ్ల నాటివి. రాయచూరు ప్రాంతంలోని మస్కిలో అశోకుని పేరున్న శాసనాన్ని 1915లో గుర్తించింది కూడా బీడన్ అనే గనుల ఇంజనీరే.

మౌర్యులు ఇంత దూరం వచ్చింది, బహమనీలు, విజయనగర రాజులు రాయచూరు అంతర్వేది కోసం తరతరాలు పోరాడింది బంగారం కోసమే కదా అనవచ్చు. మౌర్యుల విషయంలో ఈ వాదానికి బలముంది. బంగారు నేలల దగ్గరే శాసనాలుండటం యాదృచ్ఛికం అనిపించదు. తరువాతి యుద్ధాలకు మాత్రం కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ నల్లరేగడి, దాని శిస్తు, రాయచూరు, ముద్గల్ కోటలు చాలినంత కారణం. గని దాని చుట్టూ ఉన్న కొద్ది ఊళ్లకే కూలి ఇస్తుంది. శిస్తు ప్రతి ఊరి నుంచీ వస్తుంది.

ఆధునిక కాలమూ ఇదే చూపుతుంది. 1886లో నిజాం ప్రభుత్వం గనుల హక్కులను హైదరాబాద్ దక్కన్ కంపెనీకి ఇచ్చింది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో నడిచిన హట్టి గని మూతపడి, 1947లో ఏర్పడిన హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ చేతుల్లో మళ్లీ తెరుచుకుంది. 1956లో రాయచూరుతో పాటు మైసూరు రాష్ట్రానికి పోయింది. గద్వాల మీదుగా సాగే శిస్టు శిలల పట్టీ కూడా హట్టి శిలల కోవకే చెందినా, తెలంగాణ వైపు అలాంటి గని వెలవలేదు. హట్టి నేటికీ నడుస్తూ వేలమందికి బతుకునిస్తోందన్నది నిజం. అయితే ఆ బతుకు ఆత్మకూర్ చెలకల దాకా రాలేదు. జొన్న, ఆముదం, కంది, వేరుశనగ వేసే రైతు వాన మీదే ఆధారపడ్డాడు. వాన తప్పిన ఏడు మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని వలసపోయాడు. దేశంలోని ఎన్నో ఆనకట్టల్లో పాలమూరు కూలీల చెమట ఉంది. కృష్ణ పక్కనే పారుతున్న జిల్లాకు ఇది తీరని అన్యాయం.

కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్, ఆ నదిపై కట్టే జూరాల ప్రాజెక్టుకు 17.84 టీఎంసీలు కేటాయించింది. 1981లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు పూర్తయ్యేసరికి 1990ల నడిమి భాగం వచ్చింది. లక్ష ఎకరాల ఆయకట్టులో ఎడమ కాలువ కింది ఆత్మకూర్ పొలాలు వరి మళ్లుగా మారాయి. కాలువ మట్టానికి పైనున్న చెలకలు మాత్రం బోరు మీదా, మబ్బు మీదా ఆధారపడే మిగిలాయి.